కర్పూరం ఆర్పిన చెయ్యి

చిన్న ఈరన్న రిటైరైన రోజు కప్పిన శాలువాను గంట తిరక్కముందే వెనక్కి తీసుకున్నారు. క్యాంటీన్‌లో సభ పెట్టారు. పర్సనల్ మేనేజరు శాలువా కప్పి, దండ వేసి, ఫొటోలు తీయించి, హంద్రీ మోటార్స్ కుటుంబానికి ఈరన్న పెద్దన్న లాంటివాడని మాట్లాడాడు. సభ అయిపోయాక ఈరన్న గేటు దాటబోతుంటే అటెండరు వెనక నుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఈరన్నా, శాలువా ఇచ్చి పో. వచ్చే నెల ఇంగొకాయన ఉండాడు."

ఈరన్న ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. ఎందుకు మడిచావని నేను తర్వాత అడిగితే, "ఉండలు చుట్టి ఇస్తే నలుగుతాది గదప్పా, పాపం ఆయప్పకు నలిగింది కప్పుతారు" అన్నాడు. రాబోయే మనిషికి నలిగిన శాలువా కప్పుతారేమోనని దిగులుపడిన వాణ్ణి ఆ కంపెనీ ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది కల్లూరు. ఈరన్న ఇల్లు మా పక్క సందులో. నేను కల్లూరు నుంచి కర్నూలు కొత్త బస్టాండుకు షేర్ ఆటో నడుపుతాను. నా బండి కూడా హంద్రీ మోటార్స్‌దే. దాని ఫ్రేము బహుశా ఈరన్నే వెల్డింగ్ చేసి ఉంటాడు. బండి మంచిది. ఆ మాట ఒప్పుకోవాల్సిందే, ఎందుకంటే దాన్ని చేసింది యజమాని కాదు.

ఈరన్నది పత్తికొండ అవతల ఒక పల్లె. వాన పడితే వేరుశెనగ, పడకపోతే సుగ్గి. సుగ్గి అంటే ఊరికి తాళం వేసి, పిల్లల్నీ కోళ్ళనీ కూడా లారీ ఎక్కించుకొని గుంటూరు వైపు మిరపకోతకు పోవడం. కడప బండల వ్యాపారంలో బాగా సంపాదించిన నరసింహ అనే పెద్దమనిషి కల్లూరు పక్కన ఆటోల ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, ఈరన్న అలా లారీ ఎక్కబోయేవాడు ఆగి హెల్పరుగా చేరాడు. తర్వాత వెల్డరయ్యాడు. ముంజేతుల మీద నిప్పురవ్వలు పడి చర్మం మచ్చలు మచ్చలుగా ఉంటుంది. పెళ్ళాం గిడ్డమ్మ ఇంటి ముందు రోడ్డు పక్కన జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఈరన్న జీతం ఇంటికి సరిపోయేది, గిడ్డమ్మ రొట్టెలు కొడుకు చదువుకు సరిపోయేవి. ఆ కొడుకు చదువు పూర్తి కాకముందే జ్వరమొచ్చి పోయాడు. దాని గురించి వాళ్ళిద్దరూ మాట్లాడరు, నేను రాయను.

కంపెనీలో ఒక ట్రస్టు ఉండేది. ప్రభుత్వ పీఎఫ్ పింఛనుతో ఇంటి బాడుగ కూడా గడవదని, కార్మికుల జీతంలో కొంత కోసి, కంపెనీ కొంత కలిపి, రిటైరైన వాళ్ళకు నెలనెలా సొంతంగా పింఛను ఇవ్వడానికి నరసింహ పెట్టించిన ట్రస్టు. కార్మికులు దాన్ని హుండీ అనేవాళ్ళు, వేయడమే గాని తీసుకోవడం ఉండదని. నవ్వుకోవడానికి అన్న మాట. అందులో కడుపు నిండే నమ్మకం కూడా ఉండేది. ఈరన్నకైతే ఒకటే లెక్క. హుండీ పింఛను వచ్చిన నెల నుంచి గిడ్డమ్మ రొట్టెల పెనం దించాలి. పొద్దునా సాయంత్రం పిండి చరిచి చరిచి ఆమె కుడి మణికట్టు వాచిపోయింది. చన్నీళ్ళలో ముంచుకొని మళ్ళీ చరుస్తుంది.

పెద్ద నోట్లు రద్దయిన తర్వాత ఆటోలు కొనేవాళ్ళు తగ్గారు. నరసింహ అప్పటికే చనిపోయాడు. కొడుకు సుధీర్ మేనేజింగ్ డైరెక్టరు. అమ్మకాలు పడిపోయాయని, అప్పులు పెరిగాయని, ట్రస్టులో ఉన్న డబ్బును కంపెనీ బాండ్లలో పెట్టాలని అతను అడిగాడు. విడమరిచి చెప్పాలంటే కార్మికుల ముసలితనాన్ని కంపెనీకి అప్పుగా ఇమ్మన్నాడు. ట్రస్టులో కార్మికుల తరఫు సభ్యులు ఒప్పుకుంటే గాని కుదరదు. సంతకాలకు ముందు అందరి ఎదుటా మాట్లాడతానని ఆయుధపూజ రోజు వచ్చాడు.

ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీలో ఎవరూ యంత్రాన్ని ముట్టరు. వెల్డింగ్ గన్నులకు, రెంచీలకు, సుత్తులకు విభూతి, కుంకుమ. గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ కొడతారు. గుగ్గిళ్ళు పంచుతారు. యూనియన్ నాయకుడు జయకుమార్ ఆ గుగ్గిళ్ళ పొట్లం చేతిలో పట్టుకొనే లేచాడట.

"సారూ, బాండ్లలో పెట్టుకోండి. కాదనం. కంపెనీ కట్టలేకపోతే మీ సొంత ఆస్తి నుంచి కడతామని రాసియ్యండి. అంతే."

సుధీర్ నవ్వాడు. "మా నాయన ఉన్నప్పుడు ఎవరన్నా కాగితం అడిగినారా జయకుమార్?"

"మీ నాయన అప్పు అడగలే గదా సార్."

అందరూ నవ్వారు. అప్పుడు లేచాడు ఈరన్న. వాళ్ళ పల్లెలో గట్టు తగాదా వచ్చినా, గొర్రె పోయినా, ఈరన్నస్వామి పటం ముందు కర్పూరం వెలిగిస్తారు. తప్పు చేయలేదన్నవాడు అరచేత్తో దాన్ని ఆర్పాలి. ఆర్పితే ఇక ఎవరూ మాట్లాడకూడదు. గొర్రెను కోసుకు తిన్నవాడు కర్పూరం దాకా చెయ్యి తెచ్చి, వణికి, కాళ్ళ మీద పడిపోవడం ఈరన్న చిన్నప్పుడు చూశాడు. దొంగకు కూడా దేవుడి భయం ఉండే ఊరు అది. ప్రపంచమంతా ఆ ఊరేననుకున్నాడు.

"జయకుమారూ, కాగితమంటే చినుగుతాది, కోర్టంటే ఏండ్లు పట్తాది. సారును కర్పూరం ఆర్పమను. సాలు."

"నీకేమన్నా మతుండాదా ఈరన్నా? ఆయన కంపెనీ నడిపేటోడు, గొర్రెల దొంగ కాదు."

"అందుకే అంటాండా. గొర్రెల దొంగే అబద్దం ఆర్పలేకపోయినాడు. ఇంత సదువుకున్నాయన ఆర్పుతాడా?"

వెనక నుంచి ఒకరు "ఆర్పమను" అన్నారు. తర్వాత అందరూ అన్నారు. జయకుమార్ మాట ఆ గోలలో మునిగిపోయింది. పళ్ళెంలో కర్పూరం వెలిగించి తెచ్చారు. సుధీర్ గడియారం తీసి పక్కనున్నవాడికి ఇచ్చి, మీ హుండీలో ప్రతి రూపాయీ తిరిగి పెడతానని చెప్పి, అరచెయ్యి బోర్లించి ఆర్పాడు. చెయ్యి వణకలేదు. వణకాల్సిన కారణం అతనికి తెలియదు. ఈరన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ వారంలోనే సంతకాలు పడ్డాయి.

ఆ డబ్బూ చాల్లేదు. ప్రభుత్వం ఆదుకోవాలని కంపెనీ అడిగింది. అడగడానికి కార్మికుల్ని ముందు పెట్టింది. కలెక్టరాఫీసు ముందు టెంటు వేశారు. టెంటు, కుర్చీలు, మైకు కంపెనీవి. ఆకలి మాత్రం కార్మికులది. నిరాహార దీక్షలో మొదటి వరుసలో కూర్చున్నవాడు చిన్న ఈరన్న. అతను డబ్బుకు కూర్చోలేదు. నిజంగా నమ్మే కూర్చున్నాడు. "ఈ ఫ్యాక్టరీ పోతే ఈడ ఏముండాదప్పా? మళ్ళా లారీ ఎక్కల్ల, మిరపకాయలు కోయల్ల" అనేవాడు.

కంపెనీని ఆదుకోవడమే తప్పని నేను అనను. కల్లూరులో ఆ ఫ్యాక్టరీకి బోల్టులు చేసే షెడ్లున్నాయి, సీట్లు కుట్టే ఇళ్ళున్నాయి, టీకొట్లున్నాయి. అవన్నీ మూతపడితే ఊరే మూతపడుతుంది. జనం డబ్బుతో జనం పనిని కాపాడటంలో తప్పేముంది? నాకు అసహ్యం పుట్టించేది ఇంకొకటి. ఆ డబ్బు యజమానికి పోతే పేపర్లు దాన్ని ప్రోత్సాహకం అంటాయి. ఈరన్నకు పోతే ఉచితం అంటాయి. యజమాని నష్టపోతే అది అందరి కష్టం, లాభపడితే అతని తెలివి. ఈ మాటలు రాసేవాళ్ళకు నోట్లో చేదు కూడా తగలదా అని నాకు ఆశ్చర్యం.

ఆదుకున్నారు. కరెంటు బకాయి మాఫీ, పన్ను వాయిదా, బ్యాంకు అప్పు తిరగరాత. రెండేళ్ళలో కంపెనీ లేచి కూర్చుంది. కరెంటు ఆటోలు తెచ్చింది. వాటి షెడ్డు కల్లూరులో కాదు, పక్క రాష్ట్రంలో కట్టింది, అక్కడి ప్రభుత్వం ఇంకా ఎక్కువ ఇస్తానందని. ఆ ఏడు రికార్డు లాభమని పేపర్లో సుధీర్ ఫొటో వేశారు. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో, పాత పింఛను భారాన్ని కంపెనీ విజయవంతంగా తగ్గించుకుందని రాశారు. ఆ భారం పేరు చిన్న ఈరన్న. తగ్గించుకోవడమంటే, అప్పులు తిరగరాసిన ఒప్పందంలో ట్రస్టు చేతిలో ఉన్న బాండ్ల విలువను అయిదో వంతుకు కోసేశారు. బ్యాంకులకు ముందు, షేర్లు కొన్నవాళ్ళకు తర్వాత, మిగిలితే హుండీకి. మిగల్లేదు.

ఈరన్న రిటైరయ్యాక హుండీ పింఛను మూడు నెలలు వచ్చి ఆగిపోయింది. ఆఫీసులో అడిగితే కడపలో సారునే అడగమన్నారు. తోడు రమ్మంటే నేనూ బస్సెక్కాను.

కడపలో సుధీర్ ఇల్లు పెద్దది. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. అతను వచ్చి ఈరన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమన్నా ఈరన్నా, ఆరోగ్యం బాగుందా? నువ్వు మా ఇంటి మనిషివి."

"బాగుండాది సారూ. మా హుండీ సంగతి..."

"నాకు బాధగా ఉంది. కానీ నా చేతిలో ఏమీ లేదు."

"మీరు కర్పూరం ఆర్పినారు సారూ. అందరూ చూసినారు."

సుధీర్ కుర్చీ దగ్గరికి జరుపుకొని, చిన్నపిల్లాడికి పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఈరన్నా, ఆర్పింది నేను. డబ్బు బాకీ పడింది కంపెనీ. చట్టంలో నేను వేరే, కంపెనీ వేరే. కంపెనీ అనేది ఇంకొక మనిషి లెక్క. దాని బాకీకి నేను బాధ్యుణ్ణి కాదు."

ఈరన్న వెటకారంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు.

"మరి దాని లాభం యాడికి పోతాది సారూ? ఆ మనిషే తింటాడా?"

సుధీర్ లేచి, మజ్జిగ తాగండి అని లోపలికి పోయాడు. నేను గ్లాసు ముట్టలేదు. ఈరన్న తాగాడు. పోసిన మజ్జిగను పారబోయిస్తే పాపమన్నాడు.

పోయినేడు కరెంటు ఆటోల బ్యాటరీలు పాడవడం మొదలైంది. లాభాలన్నీ ఎటు పోయాయో, కంపెనీ మళ్ళీ నష్టాల్లో ఉందట. మళ్ళీ ప్రభుత్వం దగ్గరికి. ఈసారి ప్రభుత్వం ఒక కమిటీని వేసి, కర్నూలుకు వచ్చి అందరి అభిప్రాయం వింటానంది. కమిటీ వచ్చే రెండు రోజుల ముందు, శాలువా కప్పిన ఆ పర్సనల్ మేనేజరే కారు దిగి గిడ్డమ్మ పెనం ముందు నిలబడ్డాడు. నేను రొట్టెల కోసం అక్కడే ఉన్నాను.

"ఏమ్మా, ఈరన్న లేడా? ఒక మాట చెప్పాల."

గిడ్డమ్మ పిండి చరుస్తూనే అంది. "రొట్టె కావల్నా, మాట కావల్నా? రొట్టెకైతే దుడ్లియ్యి. మీ మాటలు మా ఇంట్లో పెట్టుకోనీక జాగా లేదు."

ఈరన్న బయటికి వచ్చాడు. మేనేజరు గొంతు తగ్గించి చెప్పాడు. పోయినసారి దీక్ష చేసిన మనిషివి కాబట్టి కమిటీ ముందు నువ్వే మాట్లాడాలి. కంపెనీని ఆదుకోమని నాలుగు మాటలు చెబితే సాలు. సారు తన సొంత డబ్బులోంచి నీ ఒక్కడికి నెలనెలా పింఛను ఇస్తానన్నారు. బతికినంత కాలం.

"నా ఒక్కనికేనా?"

"నీ ఒక్కనికే. బయట చెప్పొద్దు."

మేనేజరు పోయాక ఈరన్న గిడ్డమ్మ పక్కన మట్టిలో కూర్చున్నాడు. ఆమె చెయ్యి చూశాడు. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నా చెయ్యి సూసి ఏమీ ఒప్పుకోవద్దు నువ్వు" అంది. "పోయినతూరి అందరినీ నమ్మిచ్చింది నువ్వు. ఈతూరి నీ ఒక్కనికే వస్తే, ఈ సందులో తలకాయ ఎత్తుకొని రొట్టె అమ్మనా నేను?"

"మరి చెయ్యి నొస్తాదంటివే రాత్రి?"

"నొస్తాది. నొయ్యనీ."

కమిటీ కూర్చున్న హాలుకు కంపెనీ బస్సుల్లో కార్మికుల్ని తెచ్చింది. బస్సు దిగినవాళ్ళకు దిగినట్టే బిర్యానీ పొట్లాలు. జయకుమార్ లోపలికి రాకుండా బయటే నినాదాలు ఇచ్చాడు. హాల్లో ముందు బోల్టుల షెడ్ల వాళ్ళు మాట్లాడారు, తర్వాత ఎవరో ప్రొఫెసరు పరిశ్రమలు ఎందుకు ముఖ్యమో చెప్పాడు. తర్వాత చిన్న ఈరన్నను పిలిచారు. మేనేజరు మొదటి వరుసలో నవ్వుతూ కూర్చున్నాడు.

ఈరన్న మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు. "కంపెనీని కాపాడండి సారూ" అన్నాడు. చప్పట్లు. చప్పట్లు ఆగిందాకా నిలబడి మళ్ళీ మొదలుపెట్టాడు.

"కాపాడండి, పిల్లలు పని చేసుకుంటాండారు. అయితే పోయినతూరి మాదిరి ఇయ్యొద్దు. ముందర మా హుండీలో వేయండి. మేము కంపెనీకి ఇచ్చిన అప్పు అది. దాని తర్వాత బ్యాంకులు, దాని తర్వాత సారు. నాకు ఒక్కనికి ఇస్తామంటే వద్దంటాండా. ఇస్తే అందరికీ ఇయ్యండి, లేకుంటే..."

చైర్మన్ మైకు మీద వేలితో కొట్టాడు. "సంతోషం పెద్దాయనా. మీ మద్దతు నమోదు చేసుకున్నాం. తర్వాత ఎవరండీ?"

అతన్ని చెయ్యి పట్టుకొని దింపారు. మరుసటి రోజు పేపర్లో ఫొటో వచ్చింది. రెండు చేతులతో మైకు పట్టుకున్న చిన్న ఈరన్న, మీద పెద్ద అక్షరాలు: కంపెనీని కాపాడండి, కార్మికుల వేడుకోలు. మిగతా మాటలు ఏ పేపర్లోనూ లేవు. ఆ పేపరు రెండుసార్లు చదివాను. అబద్ధం రాయకుండానే అంత అబద్ధం చెప్పవచ్చని అప్పుడే తెలిసింది.

రెండో సాయం కూడా మంజూరైంది. యంత్రాలకు ఇంత, బ్యాంకులకు ఇంత. హుండీ ఊసు లేదు. ఈరన్నకు ఇస్తానన్న సొంత పింఛనూ లేదు, చెప్పింది చెప్పినట్టు మాట్లాడలేదని. అంతటితో పోలేదు. పేపర్లో ఫొటో చూసిన పాత కార్మికులు ఈరన్న మళ్ళీ అమ్ముడుపోయాడన్నారు. ఒకడు గిడ్డమ్మ పెనం దగ్గరికి వచ్చి, "మీకేమి, సారు పంపుతాండాడు గదా, ఇంగా ఎందుకు రొట్టెలు?" అని పోయాడు. కర్పూరం రోజున అందరికంటే గట్టిగా "ఆర్పమను" అని అరిచింది ఆ మనిషే. జయకుమార్ ఒక్కడే వచ్చి కూర్చున్నాడు. కోర్టులో కేసు వేస్తున్నామని, సాక్ష్యం చెప్పాలని అడిగాడు. ఈరన్న ఒప్పుకున్నాడు.

పోయిన నెల ఒకసారి రొట్టెల కోసం పోయాను. పొద్దున్నే పెనం దగ్గర గిడ్డమ్మ రొట్టె చరుస్తుంటే, అతను కట్టెలు ఎగదోస్తూ, కాలిన రొట్టెలు తీస్తున్నాడు. ముంజేతులకు నిప్పు కొత్త కాదు. ఆ మధ్య కంపెనీ వార్షిక నివేదిక ఫోన్లో చదివాను. ఇలాంటివి చదవడం నాకు జబ్బుగా మారింది. ఈ ఏడు పింఛను బాకీ ఇంకా తగ్గిందని, పింఛనుదారుల్లో కొందరు చనిపోవడం వల్ల కంపెనీకి ఇంత మిగిలిందని అందులో రాశారు. మంచి వార్తల పేజీలో రాశారు. ఊరుకోలేక అది అతనికి చెప్పాను.

ఈరన్న కట్టె పొయ్యిలోకి తోసి తలెత్తాడు.

"అంటే నేను సస్తే వాళ్ళకు లాభమొస్తాదా?"

"అట్లనే రాసినారు మామా."

"గిడ్డీ, ఇన్నావా? మనం సావడానికి కాసుకొని ఉండారంట." ఆమె వినిపించుకోనట్టు పిండి చరుస్తూనే ఉంది. అతను చేతులు దులుపుకొని, కాగితంలో రెండు రొట్టెలు చుట్టి నా చేతిలో పెట్టాడు. "కేసు గెలుస్తామని నేను అనుకోలేదప్పా. జయకుమారుకు కూడా ఆ ఆశ లేదు. అయినా వాళ్ళు మళ్ళా గవర్నమెంటు దగ్గరికి పోతారు, సూడు. ఆ పొద్దు నేను ఉండల్ల. వాళ్ళకు శానా ఇచ్చినా. ఈ ఒక్క లాభం మాత్రం ఇయ్యను."